తాడు ఇడువకు భాయ్

పోయిన ఆదివారం కొడకండ్ల దగ్గర చెరువు గట్టు మీద నా చెయ్యి నా మాట వినలేదు. కొత్తగా వచ్చిన పాస్టరు, పాతికేళ్ల పిల్లవాడు, నలుగురికి బాప్తిస్మం ఇవ్వడానికి నీళ్లలోకి దిగుతున్నాడు. నేను గట్టు మీద యాంప్లిఫయర్ ముందు కూర్చున్నాను. అతను నీళ్లలో కాలు పెట్టగానే నా చెయ్యి వైర్ల పెట్టెలోకి పోయి, అడుగున చుట్టగా పడి ఉన్న నీలం నైలాన్ తాడును బయటికి లాగింది. అది పట్టుకుని రెండడుగులు వేశాక గాని నాకు తెలివి రాలేదు.

"గదేంది భాయ్?" అన్నాడతను మోకాలి లోతు నీళ్లలో నిలబడి.

"ఏం లేదు సార్. హారన్ స్తంభం ఊగుతున్నది, కడుదామని."

స్తంభం ఊగడం లేదు. అయినా పోయి దానికి మూడు చుట్లు చుట్టి కట్టాను. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఆ తాడు గురించి నేను ఆడిన అబద్ధాల్లో ఇది చిన్నది. పెద్దది గోదారి ఒడ్డున ఆడాను. దాన్ని చెప్పాలంటే ముందు ఆ తాడు కట్టుకున్న మనిషి గురించి చెప్పాలి.

నాది జనగామలో మైకుసెట్ల దుకాణం. పెళ్లిళ్లు, ఉర్సులు, గణపతి మండపాలు, ఎన్నికల సభలు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గర నా హారన్లు అరుస్తాయి. హారన్‌కు మతం లేదు, బ్యాటరీ ఉంటే చాలు. ఆయన సువార్త సభలకు పదిహేడేళ్లు నేనే మైకు పెట్టాను. జనగామ చుట్టుపక్కల నుంచి గార్ల దాకా, అటు భూపాలపల్లి అడవి పల్లెల దాకా, రేకుల కప్పు ప్రార్థన మందిరాలు ఇరవైకి పైగా ఆయన చేతి కింద ఉండేవి. అక్కడి చిన్న పాస్టర్లందరికీ ఆయనే పెద్ద. వాళ్లు ఆయన్ని అయ్యగారు అనేవాళ్లు. నేను పాస్టర్ సాబ్ అనేవాణ్ని.

పెద్ద అన్నాను గదా అని పెద్ద కారును ఊహించుకోకండి. ఆయనకున్నది వెనక మడ్‌గార్డు ఊడిపోయిన మోపెడ్. వానాకాలం సభకు వస్తే వీపు మీద నడుము నుంచి మెడ దాకా బురద చార ఉండేది. ఆ చొక్కాతోనే వేదిక ఎక్కేవాడు. ముందు నుంచి చూస్తే మల్లెపువ్వు, వెనక నుంచి చూస్తే నాట్లేసి వచ్చిన మనిషి. ఒకసారి దేవరుప్పుల వాళ్లు ప్రేమకొద్దీ నిలువెత్తు ఫ్లెక్సీ కొట్టించారు. పేరుకు ముందు ఒక గజం పొడుగున బిరుదులు. ఆయన దాని కింద నిలబడి తల పైకెత్తి చాలాసేపు చూశాడు. "భాయ్, గీయన ఎవరో గని మంచి పెద్దమనిషి లెక్క ఉన్నడు. సభకు పిలుద్దాం," అన్నాడు. తర్వాత దాన్ని దింపించి, వాన కురిసే వంటపొయ్యి మీద పందిరిలా కప్పించాడు.

సమయంతో మాత్రం ఆయనకు జన్మలో పొసగలేదు. ఎవరు పిలిచినా "వస్త" అనేవాడు. ఆ మాట తప్ప ఆయన నోట్లో ఇంకో జవాబు ఉండేది కాదు. ఒకే సాయంత్రానికి కొడకండ్లకూ వస్తననేవాడు, దేవరుప్పులకూ వస్తననేవాడు. రెండు చోట్లా జనం కూర్చునేవాళ్లు. రెండు చోట్లకూ పోయేవాడు, రెండు చోట్లా ఆలస్యంగా. ఈ లోపల జనాన్ని కూర్చోబెట్టే బాధ్యత నాది. ఉన్న నాలుగు పాటలనే తిప్పి తిప్పి వేసేవాణ్ని. యేసు పాటలు ఇంట్లో నేను కూనిరాగం తీస్తుంటే మా అమ్మ "పాస్టర్ కీ దుమ్ బన్‌గయా రే తూ," అని తిట్టేది. పాస్టరుకు తోకవైపోయావని.

చివరికి మోపెడ్ చప్పుడు వినిపించేది. చెప్పులు విడిచి, నీళ్లు కూడా తాగకుండా మైకు అందుకుని, ఆయన అనే మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే. మన జనం సంగతి తెలిసిందే కదా, సభ అంటే ముందు వరుసలు వదిలేసి ఎక్కడో వెనక గోడలకు ఆనుకుంటారు. "గంత దూరం ఎందుకు కూసున్నరు? జర ముంగటికి రాండ్రి. నేనేం కరువ." నవ్వుకుంటూ జనం ముందుకు జరిగేవాళ్లు. పదిహేడేళ్లలో ఆ మాటకు జరగని జనాన్ని నేను చూడలేదు.

పొద్దుగూకి మసీదు నుంచి మగ్రిబ్ అజాన్ వినిపిస్తే వాక్యం సగంలో ఆపేవాడు. ఆపి, మైకులోనే, అందరూ వింటుండగా, "భాయ్, నీకు పిలుపొచ్చింది, పోయి రా, డబ్బా నేను చూసుకుంట," అనేవాడు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని. తిరిగి వచ్చేసరికి యాంప్లిఫయర్ మీటలన్నీ అటూ ఇటూ తిప్పి, హారన్లతో ఊరంతా కీచుమనిపిస్తూ ఉండేవాడు. యంత్రాలంటే ఆయనకు ధైర్యం ఎక్కువ. నీళ్లంటేనే లేదు.

ఆ సంగతి నాకు దేవరుప్పుల చెరువు దగ్గర తెలిసింది. అప్పటికి నేను ఆయనకు మైకు పెట్టడం మొదలుపెట్టి కొన్ని నెలలే. ఆరుగురికి బాప్తిస్మం. అందరూ తెల్లబట్టలతో ఒడ్డున నిలబడి పాట పాడుతున్నారు. ఆయన తెల్ల అంగీ తొడుక్కుని వచ్చి, నీళ్లను చూసి, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు:

"భాయ్, నాకు ఈత రాదు."

"మరి గీ పని ఎందుకు పెట్టుకున్నరు పాస్టర్ సాబ్?"

"ఏం జేద్దు. నా పనే గది."

నవ్వాను. ఆయన నవ్వలేదు. పెదవులు తెల్లబడి ఉన్నాయి. అంతకుముందు బాప్తిస్మాలు ఎట్లా ఇచ్చారని అడిగితే, కళ్లు మూసుకుని ఇచ్చానన్నాడు. నా ఆటోలో హారన్లు కట్టే నీలం తాడు ఉంది. ఆయనే దాన్ని చూసి, చాటుకు పోయి, అంగీ లోపల నడుముకు కట్టుకుని వచ్చాడు. రెండో కొస నా చేతిలో పెట్టాడు. నడుము లోతు నీళ్లే, చెరువులో పిల్లలు ఈత కొడుతున్నారు, అయినా ఆయన ప్రతి ఒక్కరినీ ముంచి లేపి నా వైపు ఒక చూపు చూసేవాడు. కొస నా చేతిలో ఉందా లేదా అని. "తాడు ఇడువకు భాయ్," అని పెదవులతోనే అనేవాడు.

విశ్వాసులు ఆ తాడును మైకు వైరు అనుకున్నారు. మైకు భాయ్ పట్టుకున్నది వైరు కాక ఇంకేమవుతుంది? "అయ్యగారి నడుముకు కరెంటు పెట్టినవా భాయ్, నీళ్లల్ల షాక్ కొట్టదా?" అని ఒక అవ్వ భయపడి అడిగింది కూడా. లేదవ్వా, బ్యాటరీదే, అన్నాను. అప్పటి నుంచి ఏ చెరువుకు పోయినా, ఏ వాగుకు పోయినా అదే వరస. తాడు సంగతి ముగ్గురికే తెలుసు. ఆయనకు, నాకు, ఆయన భార్యకు. ఆమెను నేను అక్క అంటాను. తాడు ఒరుసుకుని ఆయన నడుము కమిలిపోతుంటే, అక్క తన పాత ఆకుపచ్చ చీర ముక్కను తాడు చుట్టూ మూరెడు మేర చుట్టి, సూదితో గట్టిగా కుట్టి పెట్టింది.

ఒకసారి గార్ల నుంచి వస్తూ ఆటోలో ఎత్తిపొడిచాను, ఇంత పెద్ద సేవకులు, దేవుడి మీద ఇంత నమ్మకం, నడుముకు మాత్రం తాడా, అని. "భయం లేనోనికి నమ్మకం ఏం అక్కెర భాయ్?" అన్నాడు. అని కిటికీ లేని ఆటోలో ముఖానికి కొడుతున్న గాలికి కళ్లు మూసుకున్నాడు.

నన్ను తన మతంలోకి రమ్మని పదిహేడేళ్లలో ఒక్కసారే అడిగాడు. అదీ సగం వేళాకోళంగా. చెరువులోంచి తడి బట్టలతో ఒడ్డుకు వస్తూ, "నువ్వెప్పుడన్న దిగుతవా భాయ్ నీళ్లల్లకు?" అన్నాడు.

"నేను దిగితే తాడు ఎవలు పడుతరు సాబ్?"

ఆయన అక్కడే బురదలో కూర్చుండిపోయి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మళ్లీ ఎన్నడూ అడగలేదు.

రెండేళ్ల కింద, వానాకాలం. భూపాలపల్లి అవతల గోదారి దాటి ఒక అడవి పల్లె ఉంది. అక్కడ ఐదుగురు బాప్తిస్మానికి ఎదురుచూస్తున్నారు. ఆయన ఎప్పటిలాగే వస్తనని చెప్పి, ఎప్పటిలాగే రెండుసార్లు తప్పాడు. మూడోసారి చెప్పిన రోజునే గార్లలో మా మేనకోడలి నిఖా. "నువ్వు లేకుంటె ఎట్ల భాయ్?" అన్నాడు ఫోన్‌లో. ఇంకో వారానికి పెట్టుకోమన్నాను. "వద్దు. రెండుమాట్ల వస్తనని పోలేదు. ఈమాటు పోతనే గని, తాడన్న ఇచ్చి పో," అన్నాడు. జనగామ బస్టాండు ఎదురుగా మేమిద్దరం చాయ తాగే హోటల్లో ఇచ్చి పోతానన్నాను. తెల్లారి బస్సెక్కే ముందు తీసుకుంటానన్నాడు.

మర్చిపోయాను. ఇంతకంటే దానికి పెద్ద కథ ఏమీ లేదు. పెళ్లి సామాను, చుట్టాలు, పిల్లల గోల. తాడు వైర్ల పెట్టె అడుగునే ఉండిపోయి నాతో గార్లకు వచ్చింది. మర్నాడు పొద్దున ఆయన నుంచి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. చూశాను. చూసి, నిఖా అయ్యాక చేద్దాంలే అనుకున్నాను.

సాయంత్రం, ఆఖరి పంక్తి భోజనాల దగ్గర ఫోన్ వచ్చింది. నది నడుమ కొట్టుకొచ్చిన చెట్టు మొద్దు తగిలి పడవ తిరగబడింది. తొమ్మిది మందిలో ఆరుగురిని జాలర్లు లాగారు. ఇద్దరి శవాలు దొరికాయి. పాస్టర్ సాబ్ జాడ లేదు.

ఆ ఆటోతోనే, పెళ్లి పందిట్లోంచి ఊడబెరికిన హారన్లతోనే బయల్దేరి, తెల్లవారేసరికి గోదారి ఒడ్డున ఉన్నాను. నీళ్లు ఎర్రగా, ఒడ్డును ఒరుసుకుంటూ పోతున్నాయి. జాలర్లలో పెద్దాయన నా ఆటో చూసి తనే దగ్గరికి వచ్చాడు. "కింద ఇసుక దిబ్బల మీద పొదలున్నయి. గతంల ఒకాయన గా పొదలల్లనే రెండు దినాలు చిక్కుకొని ఉన్నడు. నీళ్ల మీద గొంతు దూరం పోతది. మైకుల పిలువు," అన్నాడు. వెంటనే రెండు వెదురు బొంగులు పాతి హారన్లు నది వైపు తిప్పి కట్టాను.

అక్క ఒడ్డున యూరియా బస్తా మీద కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు. అందులో ఆయన పొడి చొక్కా, లుంగీ, తువ్వాల. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెబుతోంది: "ఆయనకు ఈత రాదు గని తాడు తీస్కపోయిండు. ఏ చెట్టుకో కట్టుకొని ఉంటడు." నన్ను చూడగానే లేచి నా రెండు చేతులూ పట్టుకుంది.

"తాడు ఇచ్చి పోయినవు గదా భాయ్?"

తల ఊపాను.

ఎందుకు ఊపానో ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆమెకు ఉన్న ఒక్క ఆశను ఎట్లా తీసెయ్యాలి అనుకున్నానని చెబితే బాగుంటుంది. నిజం అది కాదు. నాకు భయమైంది. తప్పు చేసిన పిల్లవాడికి అయ్యే భయం. ఆటోలోకి పోయి వైర్ల పెట్టె మీద టార్పాలిన్ కప్పి, దాని మీద బ్యాటరీ పెట్టాను.

రెండు రోజులు పిలిచాను. "పాస్టర్ సాబ్! నేను మైక్ భాయిని! ఎక్కడున్నా చెయ్యి ఊపుండ్రి! పడవలు వస్తున్నయి!" పిలిచి, ఆపి, చెవులు రిక్కించి వినడం. అవతలి అడవి నుంచి నా గొంతే తిరిగి వచ్చేది. జాలర్లు దిబ్బ దిబ్బకూ తిరిగి ఖాళీ చేతులతో వచ్చేవాళ్లు. మొదటి రోజు సాయంత్రం అక్క నా పక్కకు వచ్చి కూర్చుంది.

"భాయ్, తాడు ఇడువకుమని చెప్పు. చేతులు తిమ్మిరెక్కి ఇడుస్తడేమో. గట్టిగ పట్టుకోమని చెప్పు."

మైకు నోటి దగ్గర పెట్టుకుని చెప్పాను. "తాడు ఇడువకుండ్రి సాబ్. గట్టిగ పట్టుకోండ్రి." ఆ మాట గోదారి మీదుగా పోయి వచ్చి నా ముఖానికి తగిలింది. ఆమె చెప్పమన్నప్పుడల్లా చెప్పాను. ఎన్నిసార్లని లెక్కలేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి నా గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. అక్క దిగువన, వంపు దగ్గర, ఒడ్డు వెంబడి చూసుకుంటూ నడుస్తోంది. పిలుపు ఆగిపోతే ఆయన ఆశ వదిలేస్తాడేమో అనిపించింది. పాట వేద్దాం, ఆయనకు తెలిసిన పాటలే కదా, విని ఇది మనవాళ్లే అనుకుంటాడు, అని మెమరీ కార్డు మీట నొక్కాను. ఆ కార్డులో పాటలతో పాటు, కొత్త యాంప్లిఫయర్‌ను పరీక్షించడానికి దేవరుప్పులలో పట్టిన ఆయన ప్రసంగం కూడా ఉందన్న సంగతి నాకు గుర్తు లేదు.

రెండు హారన్లూ కలిసి ఆయన గొంతుతో అరిచాయి:

"గంత దూరం ఎందుకు కూసున్నరు? జర ముంగటికి రాండ్రి!"

వంపు దగ్గర అక్క ఆగింది. నది వైపు తిరిగింది. "వస్తున్న!" అని అరిచింది. "ఆడనే ఉండుండ్రి, వస్తున్న!" అంటూ నీళ్లలోకి నడిచింది. మోకాళ్లు, నడుము. హారన్లలో ఆయన నవ్వుతున్నాడు. "రాండ్రి, రాండ్రి, నేనేం కరువ." ఆమె రొమ్ముల దాకా దిగింది. నాకు మీట ఎక్కడుందో కనపడలేదు. రోజూ నా చేతి కింద ఉండే మీట కనపడలేదు. జాలర్ల పడవలు దూరంగా ఉన్నాయి. నాకూ ఈత రాదు.

బ్యాటరీని తోసేసి, టార్పాలిన్ లాగి, పెట్టె బోర్లించి తాడు తీశాను. పరిగెత్తి విసిరాను. మొదటిసారి అందలేదు. రెండోసారి ఆమె భుజం మీద పడింది. చేతికి చుట్టుకుంది. నేనూ, ఒడ్డున ఉన్న ఒక కానిస్టేబులూ కలిసి లాగాం. బురదలో మోకాళ్ల మీద పడి, దగ్గుతూ, నీళ్లు కక్కుతూ వచ్చింది. వెనక హారన్లలో ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. కానిస్టేబులు పోయి వైరు పీకేశాడు.

అప్పుడు ఆమె చేతిలో ఉన్నదాన్ని చూసుకుంది. నీలం తాడు. దాని మీద ఆకుపచ్చ చీర ముక్క. తన కుట్లు. వేలితో ఆ కుట్లను ఒక్కొక్కటే తడిమింది.

"నీ కాడనే ఉన్నదా?" అంది.

నాకు గొంతు లేదు. తల ఊపాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిడుతుందని, రాయి తీసి కొడుతుందని చూశాను. కొడితే బాగుండునని చూశాను. ఆమె తాడు కింద పెట్టి, లేచి, బస్తా దగ్గరికి నడిచింది. కవరులోంచి ఆయన పొడి తువ్వాల తీసి తల తుడుచుకుంది. రెండు రోజులుగా ఎవరినీ ముట్టనివ్వని తువ్వాల అది. తర్వాత జాలర్ల పెద్దాయన వైపు తిరిగి, "ఇగ చాలన్నా. పడవలు ఒడ్డుకు పెట్టుండ్రి," అంది.

ఆయన దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. తాడు ఉంటే మాత్రం ఏమయ్యేది, రెండో కొస పట్టేవాడు గార్లలో బిర్యానీ తింటున్నాడు కదా, అని మా ఆవిడ నన్ను ఓదార్చబోయి ఇంకా చంపింది. హోటల్ ఆయన చెప్పాడు, ఆ పొద్దున పాస్టర్ సాబ్ వచ్చి తాడు అడిగి, లేదని చెబితే చాయ తాగి, మూడు బస్సులు వదిలేశాడట. నాలుగోది ఎక్కే ముందు, "భాయ్ వస్తే ఏమనకు, పనిల ఉంటడు," అని చెప్పి పోయాడట.

పది రోజులకు జనగామ మందిరంలో ఆదరణ కూడిక పెట్టారు, పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన. మైకు నన్నే పెట్టమని అక్క కబురు చేసింది. మూడు జిల్లాల నుంచి జనం వచ్చారు. వచ్చి, ఎప్పటిలాగే, ముందు వరుసలు వదిలేసి వెనక గోడలకు ఆనుకున్నారు. పెద్ద పాస్టరు ఒకాయన మైకు ముందుకు వచ్చి, ఆ ఖాళీ జాగాను చూసి, నోరు తెరిచి మూశాడు. ఎవరికీ ఆ మాట అనే ధైర్యం లేదు.

అక్క లేచి మైకు దగ్గరికి వచ్చింది.

"గంత దూరం ఎందుకు కూసున్నరు?" అంది. "ముంగటికి రాండ్రి."

జనం ఏడుస్తూ జరిగారు. అందరూ జరిగాక వెనక గోడ దగ్గర యాంప్లిఫయర్ ముందు నేనొక్కణ్నే మిగిలాను. ఆమె అక్కడి నుంచి నన్ను చూసింది.

"నువ్వు సుత రా భాయ్."

"డబ్బా కాడ మనిషి ఉండాలె అక్కా," అన్నాను.

అదీ అబద్ధమే. ఒకసారి పెట్టాక యాంప్లిఫయర్ తనంతట తానే నడుస్తుంది. ఆమె కాసేపు అట్లాగే నిలబడి చూసింది, నా కోసం ఆగి. మందిరమంతా తల తిప్పి నా వైపు చూసింది. నా ముందు ముప్పై అడుగుల ఖాళీ నేల. నేను లేవలేదు.